సెట్టింగులకు జేసన్ ఫైలు చాలదా?

పూర్వపక్షి: నా ప్రోగ్రాం సెట్టింగులంటే నాలుగు వందల కీలు (పేర్లు), వాటి విలువలు. అంతా కలిపినా యాభై కిలోబైట్లు దాటదు. ప్రోగ్రాం మొదలవగానే జేసన్ (కీలు, విలువలను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) ఫైలు చదువుతాను, ఏది మారినా ఫైలంతా తిరిగి రాస్తాను. దీనికి డేటాబేసు ఎందుకండీ?

సిద్ధాంతి: అదే ఫైలును రైట్ మోడ్‌లో తెరిచి రాస్తున్నారా?

పూర్వపక్షి: అవును.

సిద్ధాంతి: అక్కడే కొంప మునుగుతుంది. తెరవగానే ఫైలు సున్నా బైట్లవుతుంది. ఆ క్షణంలో ప్రోగ్రాం కూలితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. అదే ఫోల్డరులో తాత్కాలిక ఫైలు రాసి, ఎఫ్‌సింక్ (రాసింది డిస్కులోకి చేర్చమనే పిలుపు) చేసి, రీనేమ్‌తో పాతదాని స్థానంలోకి తేవాలి. లినక్స్‌లో ఆ తర్వాత ఫోల్డరుకూ ఎఫ్‌సింక్ చేయాలి. తాత్కాలిక ఫైలును వేరే ఫైల్‌సిస్టంలో పెట్టారా, రీనేమ్ ఎర్రర్ ఇస్తుంది. ఇంత చేసినా రెండు ప్రాసెస్‌లు ఒకే కాపీ చదివి రాస్తే, వెనక రాసింది ముందుదాన్ని తుడిచేస్తుంది. అందుకు ఒకటి రాస్తుండగా ఇంకొకదాన్ని ఆపే లాక్ కావాలి. ఇవన్నీ ఎస్‌క్యూలైట్ అనే, ప్రోగ్రాంలోనే ఇమిడిపోయే చిన్న డేటాబేసులో ఎప్పుడో కుదిరిన పనులు. కీ, విలువ, రెండే కాలమ్‌లతో ఒక టేబుల్ చాలు. కీకి నాట్ నల్ (నల్, అంటే విలువ లేని స్థితి, కూడదనే షరతు) మాత్రం మరవకండి. టెక్స్ట్ ప్రైమరీ కీ (వరుసను గుర్తించే అక్షరాల కాలమ్) అన్నా మామూలు టేబుల్‌లో అది నల్‌ను రానిస్తుంది.

పూర్వపక్షి: ఎస్‌క్యూలైట్ నమ్ముకున్నదీ ఆ ఎఫ్‌సింక్‌నే కదా! మ్యాక్‌లో ఎఫ్‌సింక్ అయ్యాక కూడా డేటా డ్రైవు సొంత కాషేలో (తాత్కాలిక మెమరీలో) ఉండిపోవచ్చు.

సిద్ధాంతి: ఉండిపోవచ్చు. అందుకే ఫుల్‌ఎఫ్‌సింక్ అనే ప్రాగ్మా, అంటే ఎస్‌క్యూలైట్ సొంత సెట్టింగు, ఉంది.

పూర్వపక్షి: డిఫాల్టుగా ఆఫ్‌లో! ఎంతమంది ఆన్ చేస్తారు?

సిద్ధాంతి: చాలామంది చేయరు. కానీ ఆ చిక్కు మీ జేసన్‌కూ అంతే.

పూర్వపక్షి: సరే, మార్పులు ముందు పక్కనున్న వాల్ ఫైలులోకి వెళ్లే వాల్ మోడ్‌లో నడుస్తుండగా డీబీ ఫైలొక్కటే కాపీ చేసి బ్యాకప్ అనుకుంటే?

సిద్ధాంతి: వాల్ ఫైలులో మిగిలిన తాజా మార్పులు ఆ కాపీలోకి రావు. ఎస్‌క్యూలైట్ ఇచ్చే బ్యాకప్ ఏపీఐ గానీ, పూర్తి కాపీని కొత్త ఫైలుగా రాసే వాక్యూమ్ ఇంటూ ఆదేశం గానీ వాడాలి.

పూర్వపక్షి: నా ఫైలును కాపీ చేస్తే చాలు. ఎడిటర్‌లో తెరిచి దిద్దుకోవచ్చు, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఏ లైను మారిందో కనిపిస్తుంది.

సిద్ధాంతి: మనిషి చేత్తో దిద్దే సెట్టింగులకు మీ మాటే సరి, ఫైలే ఉంచండి. ప్రోగ్రాం తనంతట తాను మార్చుకునే కౌంటర్లు, చదివిన చోటు గుర్తులు మాత్రం ఎస్‌క్యూలైట్‌కు మార్చండి.

పూర్వపక్షి: కౌంటర్ మారిన ప్రతిసారీ ఒక కమిటా (మార్పును ఖాయం చేయడమా)? డిస్కు నలిగిపోదూ?

సిద్ధాంతి: వంద మార్పులకు ఒక ట్రాన్సాక్షన్ (ఒకేసారి కమిట్ అయ్యే కట్ట) పెట్టండి. వాల్ మోడ్‌లో సింక్రనస్ అనే ప్రాగ్మాను నార్మల్ చేస్తే ప్రతి కమిట్‌కూ ఎఫ్‌సింక్ ఉండదు. కరెంటు పోతే చివరి కమిట్‌లు కొన్ని పోవచ్చు, ఫైలు మాత్రం పాడవదు. కౌంటర్లకు అది చాలు.