పండక్కి ఎవరింటికి?

సంక్రాంతి సెలవులు ఇచ్చారంటే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కాలు పెట్టే సందుండదు. శ్రీకాకుళం, పార్వతీపురం, ఇచ్ఛాపురం బస్సుల కిటికీల్లోంచి సంచులు విసిరి సీట్లు ఆపుకుంటారు. నగరంలోని బడిపిల్లల్లో చాలామంది అమ్మమ్మ ఊరికో నాయనమ్మ ఊరికో వెళ్లిపోతారు. అదే బడిలో, అదే బెంచీ మీద కూర్చునే కొందరు మాత్రం ఆ రోజు కూడా వరసగా నడిచి, ఇంట్లో ఉండలేని పిల్లలను ఉంచే హోముకే చేరతారు. అక్కడ భోజనానికి లోటుండదు. కొత్త బట్టలు తెచ్చే దాతలూ ఉంటారు. పద, మనింటికి పోదాం అని చెయ్యి పట్టుకునేవాళ్లే ఉండరు.

హోములో ఉన్నారంటే అనాథలే అనుకుంటాం. కాదు. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. తాగుడుకు అలవాటుపడిన నాన్న, జబ్బుపడిన అమ్మ, కూలి కోసం వేరే రాష్ట్రానికి వెళ్లి జాడ తెలియకుండా పోయిన ఇద్దరూ. తల్లిదండ్రులున్నారు కాబట్టి దత్తతకు ఇవ్వడం కుదరదు. ఇంటి పరిస్థితి బాగోలేదు కాబట్టి పంపడమూ కుదరదు. ఈ రెండు ‘కుదరదు’ల మధ్య ఆరేళ్ల బిడ్డకు పదహారేళ్లు వచ్చేస్తాయి.

చట్టం ఇలా చెప్పలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డ ఎవరి కంటబడినా 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుండే ఈ కమిటీకి మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నాయి. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తికావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. ప్రతి బిడ్డకూ విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయాలి. హోములో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక ఎంచుకోవాల్సిన ఆఖరి దారి అని చట్టమే అంటోంది.

చిక్కంతా కాగితం కమిటీ బల్ల దాటాక మొదలవుతుంది. విశాఖ స్టేషన్‌కు హౌరా లైను నుంచి, కిరండూల్ లైను నుంచి రైళ్లు వస్తాయి. ప్లాట్‌ఫాం మీద దొరికిన బిడ్డ ఒడియా మాట్లాడొచ్చు, గిరిజన భాష కువి మాట్లాడొచ్చు. ఊరి పేరు అడిగితే చెరువు పక్కనుండే గుడిసె గురించి చెబుతాడు. ఆ జిల్లాకు ఉత్తరం రాస్తారు, జవాబు రాకపోతే మళ్లీ రాస్తారు. అంత దూరం కూడా అక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా మూడుగా విడిపోయాక పాడేరు బిడ్డ, నర్సీపట్నం బిడ్డ కూడా కాగితాల్లో ‘వేరే జిల్లా’ బిడ్డలే అయ్యారు.

ఒక అమ్మ చినవాల్తేరు మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతోందనుకుందాం. ఆమె కోలుకుంటోందని డాక్టరుకు తెలుసు. కూతురు రోజూ ఆమె పేరే తలుచుకుంటోందని హోములోని ఆయాకు తెలుసు. గాజువాకలో ఒక పిన్ని ఉందని, ఆ పిల్ల ఆమె గురించి తరచూ చెబుతుందని క్లాసు టీచరుకు తెలుసు. ఆ పిన్నికి పిల్లను తెచ్చుకోవాలనే ఉంది కానీ ఖర్చుకు భయపడుతోందని ఆ వీధి అంగన్‌వాడీ కార్యకర్తకు తెలుసు. నలుగురికీ తలా ఒక ముక్క తెలుసు. ఆ నలుగురూ ఒక్కసారైనా ఒకచోట కూర్చోలేదు. కమిటీ ముందున్న ఫైల్లో మాత్రం ‘బంధువుల వివరాలు లేవు’ అనే ఉంటుంది. పదిమందిలో పాము చావదంటారు. ఇక్కడ ఎవరూ పని ఎగ్గొట్టలేదు, ఎవరి రిజిస్టరు వాళ్లు సరిగ్గానే రాశారు. ఆ బిడ్డ ఇంటికి చేరిందా లేదా అన్నది మాత్రం ఏ ఒక్కరి పనీ కాకుండా పోయింది.

అందుకే మా పత్రిక అడిగేది ఒక్కటే. నెలకోసారి కలెక్టర్ సమక్షంలో అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. సంక్షేమ కమిటీ, జిల్లా బాలల సంరక్షణ విభాగం, రైల్వే పోలీసులు, కేజీహెచ్ ఆసుపత్రి, మానసిక వైద్యశాల సోషల్ వర్కర్లు, విద్యాశాఖ, నగరపాలక సంస్థ జీవీఎంసీ, హోములు నడిపే సంస్థలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ విభాగం. పొరుగు జిల్లాల అధికారులు వీడియోలో కలవాలి. అంకెలు చదివే సమీక్ష మాకొద్దు. ఒక్కొక్క బిడ్డ ఫైలు తెరిచి, వచ్చే సంక్రాంతికి ఈ బిడ్డ ఎవరింట్లో ఉండాలి, దానికి ఈ నెల ఎవరు ఏం చేయాలి అని తేల్చాలి. పెద్ద పిల్లలైతే వాళ్లనూ ముందే అడగాలి. దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం 2022 సెప్టెంబరు నుంచి కోర్టులకు బదులు కలెక్టర్లకే వచ్చింది కాబట్టి ఈ బల్లకు పెద్ద ఆయనే కావడం సబబు.

గడువు ఎంత ముఖ్యమో అమెరికా అనుభవం చెబుతుంది. 1997లో అక్కడ తెచ్చిన చట్టం ప్రకారం బిడ్డ ఫోస్టర్ కేర్‌లోకి, అంటే సొంతిల్లు కాని చోట తాత్కాలిక సంరక్షణలోకి, వచ్చిన 12 నెలల్లోపు, ఈ బిడ్డ శాశ్వతంగా ఎక్కడుండాలన్న దానిపై విచారణ జరగాలి. గడిచిన 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ఆ సంరక్షణలోనే ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు ప్రభుత్వమే పిటిషన్ వేయాలి. ఈ రెండోది మనకు వద్దనే మేం అంటాం. పేదరికాన్ని నేరంగా చూసి తల్లి నుంచి బిడ్డను తెంపే ప్రమాదం అందులో ఉంది. మొదటిది మాత్రం మనం కచ్చితంగా తెచ్చుకోదగ్గది.

పేదరికం వల్లే బిడ్డ హోముకు చేరితే దానికి మందు మన దగ్గరే ఉంది. బాలల రక్షణకు కేంద్రం తెచ్చిన మిషన్ వాత్సల్య పథకం కింద, బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి ఇచ్చే స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు. పట్టణాల్లో ఏడాదికి 96 వేలు, పల్లెల్లో 72 వేలు దాటని ఆదాయం ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. మనవణ్ణి పెంచలేక హోములో వదిలిన నాయనమ్మకు ఈ సంగతి చెప్పేదెవరు? నెల మొదట్లో పింఛను ఇవ్వడానికి ఆమె గుమ్మం దాకా వెళ్తున్న సచివాలయ ఉద్యోగే చెప్పగలరు. వార్డు స్థాయిలో బాలల సంక్షేమ, రక్షణ కమిటీలు ఉండాలని మార్గదర్శకాల్లో ఉంది. జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. ఆ కమిటీల్లో డ్వాక్రా అక్కాచెల్లెళ్లను కూర్చోబెడితే ఏ వీధిలో ఏ ఇల్లు కూలిపోయే స్థితిలో ఉందో బిడ్డ రోడ్డున పడకముందే తెలుస్తుంది.

సొంత ఇంటికి వెళ్లే దారే లేని పిల్లలకు ఫోస్టర్ కేర్ ఉంది. దీన్ని మనవాళ్లు దత్తతతో కలిపేసి భయపడుతున్నారు. ఫోస్టర్ కుటుంబం బిడ్డను తమ ఇంట్లో పెంచుతుంది. కమిటీ పర్యవేక్షణ ఉంటుంది, నెలనెలా ఆర్థిక సాయమూ ఉంటుంది. కన్నవాళ్ల హక్కులు పోవు, పరిస్థితి చక్కబడితే బిడ్డ వాళ్ల దగ్గరకు వెళ్లొచ్చు. 2024 మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను ఇలా ఇస్తారు. 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులు కూడా ముందుకు రావచ్చు. చట్టపరంగా అడ్డు లేని బిడ్డను రెండేళ్ల తర్వాత అదే కుటుంబం దత్తత తీసుకోవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది. పసిబిడ్డ కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న దంపతులున్న ఈ నగరంలోనే తొమ్మిదేళ్ల పాపను అడిగేవాళ్లు లేకపోవడం మాకు బాధగా ఉంది.

తోబుట్టువుల సంగతి మరీ గుండె కోస్తుంది. పసివాళ్లను ఒకచోట, ఆరేళ్లు దాటితే ఇంకోచోట, మగపిల్లల హోము వేరు, ఆడపిల్లల హోము వేరు. అమ్మానాన్నను పోగొట్టుకున్న అక్కకు మిగిలింది తమ్ముడొక్కడే. ఆ తమ్ముణ్ణి మన ఏర్పాట్లే విడదీస్తున్నాయి. కనీసం వారానికోసారి వాళ్లిద్దర్నీ ఒకచోట కలపడానికి జీవో అక్కర్లేదు. ఒక ఆటో, ఒక మనిషి చాలు.

పుట్టినరోజులకు హోముల్లో భోజనాలు పెట్టే విశాఖవాసుల మనసు మంచిదే. ఆ మనసునే ఇంకొంచెం దూరం రమ్మంటున్నాం. ఒక బిడ్డకు వారం వారం లెక్కలు నేర్పేవాళ్లు, పేరెంట్స్ మీటింగుకు వచ్చి కూర్చునేవాళ్లు, పద్దెనిమిది దాటి బయటికొచ్చిన కుర్రాడికి అద్దెగది ఇచ్చేవాళ్లు కావాలి. పిల్లలతో ఫోటోలు దిగి నలుగురిలో పెట్టడం మాత్రం మానేయాలి. వారి గుర్తింపు బయటపెట్టడం చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం. మా పత్రికకూ ఆ నిబంధన వర్తిస్తుంది, దానికి కట్టుబడి ఉంటాం.

సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు లక్షల మందిలో ఒక బిడ్డ తప్పిపోతే కానిస్టేబులు, మజ్జిగ పంచేవాళ్లు, మైకు దగ్గరి మనిషి, దారిన నడిచే భక్తులు అందరూ ఒకటై వెతుకుతారు. బిడ్డ తల్లి చేతుల్లో పడేదాకా మైకు ఆగదు. ఇది ఈ ఊరికి చేతనైన పనే.

కలెక్టర్ మొదటి సమావేశానికి ఏ ఫైళ్లు తెప్పించుకోవాలో కూడా చెబుతాం. ఏడాదిగా ఎవరూ చూడటానికి రాని పిల్లలవి, వేర్వేరు హోముల్లో ఉన్న అక్కాతమ్ముళ్లవి, పక్క జిల్లా నుంచి జవాబు కోసం ఆగిపోయినవి. తేదీ ప్రకటించమని కోరుతున్నాం.