ఊక తగలబడితే ఐసు ఏమవుతుంది?

చేపల రేవులో ఐసు దిమ్మ మీద ఊక పోసి, పైన గోనెపట్టా కప్పుతారు. ఎండ ఎంత కాసినా లోపలి ఐసు గంటల తరబడి నిలుస్తుంది. ఆ పట్టా లాగేసి, ఊక దులిపేస్తే? ఆర్కిటిక్ టండ్రాలో, అంటే ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని చెట్లు మొలవని చలి నేలలో, కార్చిచ్చు చేసే పని అదే. అక్కడ ఊక బదులు నాచు, సగం కుళ్లి పీచుపీచుగా పేరుకున్న మొక్కల పొర ఉంటుంది. దాని కింద వేసవిలో మాత్రం కరిగే కాస్త మట్టి. అది దాటితే వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల, పర్మాఫ్రాస్ట్.

మనకు తెలిసిన అడవి మంట వేరు. నల్లమలలో వేసవిలో రాలిన ఆకు అంటుకుంటుంది, తొలకరి పడ్డాక గడ్డి మళ్లీ లేస్తుంది. చెట్టే లేని, ఎప్పుడూ చిత్తడిగా ఉండే చోట తగలబడేదేముంది అనిపిస్తుంది. అక్కడ నేలే కాలుతుంది.

2007 జూలైలో అలాస్కా ఉత్తర కొసన, అనక్తువుక్ నది దగ్గర పిడుగు పడి మంట రాజుకుంది. మొదట్లో చిన్నదే. ఆ వేసవి నేల బాగా ఎండిపోయింది, సెప్టెంబర్‌లో గాలులు తోడయ్యాయి. అక్టోబర్‌లో మంచు కురిసి ఆర్పేదాకా వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా కాలింది. గ్రేటర్ హైదరాబాద్ పాత హద్దులకు ఇది ఒకటిన్నర రెట్లు. దగ్గరి సరస్సుల అడుగు మట్టిలో బొగ్గు నలుసులు వెతికితే, గత 5,000 ఏళ్లలో అక్కడ ఇలాంటి మంట జాడే దొరకలేదు. సగటున 6 సెంటీమీటర్ల మందాన నేల కాలి, సుమారు 21 లక్షల టన్నుల కార్బన్ గాలిలో కలిసింది. మొత్తం ఆర్కిటిక్ టండ్రా ఏడాది పొడవునా పీల్చుకునే కార్బన్ దాదాపు ఇంతే అని 2011లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

వార్తలు ఇక్కడితో ఆగిపోతాయి. నా పేచీ ఇక్కడే మొదలవుతుంది.

మంట ఆరాక నల్లబడ్డ నేల ఎండను ఎక్కువ పీలుస్తుంది, ఆ వేడిని ఆపే పొర పల్చబడిపోయింది. ఆ నేలలో నిలువునా దిగిన మంచు మేకులుంటాయి. చలికి నేల బీటలు వారడం, ఆ బీటల్లోకి నీరు దిగి గడ్డకట్టడం, మరుసటి ఏడు మళ్లీ అదే... ఇలా వందల, వేల ఏళ్లు పెరిగినవి. అవి కరిగితే పైనున్న నేల కుంగి కాలువలు పడతాయి. వాటిలో నిలిచిన నీరు ఇంకా వేడిని లాగి కింది మంచుకు అందిస్తుంది. అనక్తువుక్ మంట తర్వాత ఏడేళ్లకు విమానం నుంచి లేజర్‌తో కొలిచి చూస్తే, కాలిన ప్రాంతంలో 34 శాతం మేర నేల రూపు మారిపోయింది. పక్కనే కాలని చోట ఆ మార్పు 1 శాతం లోపే.

విచిత్రమేమిటంటే, పైకి చూస్తే అంతా బాగుపడినట్టే ఉంటుంది. కాలిన గడ్డి కుదుళ్ల నుంచి కొత్త పోచలు లేచి, నాలుగైదేళ్లకే ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం తిరిగొచ్చింది. దాని అడుగున నేల మాత్రం కుంగుతూనే ఉంది. మంచు తక్కువున్న చోట్ల ఇంత నష్టం ఉండదు, నిజమే. కానీ అది ఎక్కడో తెలియాలంటే పచ్చదనం చూస్తే సరిపోదు.

ఏ మంటను ఆర్పాలి, దేన్ని వదిలేయాలి అన్న నిర్ణయంలో ఈ మంచుకు విలువ లేదు. అలాస్కాలో జనం లేని మారుమూల మంటల్ని కనిపెట్టి చూస్తూ కాలనివ్వడం మామూలే. ఆర్పే ఖర్చు జరిగే నష్టం కంటే ఎక్కువైతే వదిలేయొచ్చని రష్యా 2015లో కొన్ని ప్రాంతాలకు నిబంధన పెట్టింది. నష్టం అంటే ఏమిటి? ఇళ్లు, కలప. 2021 ఆగస్టులో రష్యాలోని యాకూతియా మంటల పొగ ఉత్తర ధ్రువం దాకా చేరింది. ఆ పొగను బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాస్తారు?

పర్మాఫ్రాస్ట్ నేలల్లో ఉన్న కార్బన్ వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. కార్చిచ్చులను కూడా కలిపి చూస్తే, టండ్రా ఇప్పుడు పీల్చుకునేదానికంటే ఎక్కువ కార్బన్ వదులుతోందని అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 నివేదికలో తేల్చింది.

ఈ మంచును కాపాడటానికైనా మంటలు ఆర్పాలంటే, ఎదురు వాదన లేకపోలేదు. 2022లో నైరుతి అలాస్కా టండ్రాలో పిడుగుతో మొదలైన మంట సెయింట్ మేరీస్ అనే యూపిక్ ఆదివాసుల ఊరి వైపు వస్తే, ముసలివాళ్లను, జబ్బుపడ్డవాళ్లను ముందుగా తరలించారు. అలాంటి రోజున సిబ్బందిని, విమానాలను మంచు కోసం ఇంకెక్కడికో పంపమని ఎవరూ అనరు. ముందు మనుషులే. అయితే అన్ని రోజులూ అంత టెన్షన్ ఉండదు. పిడుగు పడిన మొదటి రోజు, మంట రెండు మూడు ఎకరాల్లో ఉన్నప్పుడే ఆర్పితే ఖర్చు కూడా తక్కువ.

అలా చేయడానికి పూనుకున్న చోటు ఒకటుంది. 2023లో అలాస్కాలోని యుకాన్ ఫ్లాట్స్ అభయారణ్యం, ఊళ్లు లేకపోయినా కేవలం పర్మాఫ్రాస్ట్‌లోని కార్బన్ కోసం 16 లక్షల ఎకరాల్లో మంటల్ని ఆర్పాలని నిర్ణయించింది. అది టండ్రా కాదు, చెట్లున్న ప్రాంతం, కాకపోతే కింద ఉన్నది అదే మంచు. అలాస్కా నేల మొత్తం 36 కోట్ల ఎకరాల పైమాటే. అందులో దాదాపు 80 శాతం కింద ఎంతో కొంత పర్మాఫ్రాస్ట్ ఉంది.