‘లారీ కింద పడి...’

విశాఖపట్నంలో షీలానగర్ నుంచి కాన్వెంట్ కూడలికి సాగే పోర్టు రహదారిపై, తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరిన ఒక కార్మికుడి సైకిలును వెనుక నుంచి వచ్చిన లారీ గుద్దిందనుకుందాం. మర్నాడు జిల్లా పేజీలో ఆ వార్తకు ఏ శీర్షిక పడుతుందో చెప్పడానికి జోస్యం అక్కరలేదు: ‘లారీ కింద పడి సైక్లిస్టు దుర్మరణం’. ఈ వాక్యంలో చనిపోయినవాడే కర్త, పడినవాడూ అతడే. గుద్దడమన్న పని అందులో లేదు, స్టీరింగు పట్టుకున్న మనిషీ లేడు. ఇతరుల మాట అటుంచి, ఇటువంటి శీర్షికలు మా పుటల్లోనూ వచ్చాయని ముందే ఒప్పుకొంటున్నాం.

‘పడి’, ‘వచ్చి’ వంటి క్త్వార్థక (అసమాపక) క్రియకూ ప్రధాన క్రియకూ కర్త ఒక్కటే కావాలన్నది బడిలో చదువుకున్న వ్యాకరణం. ‘పడి మృతి’ అనగానే ఆ నియమం చావును చచ్చినవాడి ఖాతాలోనే జమకడుతుంది. ‘లారీ ఢీకొని సైక్లిస్టు మృతి’ అన్నది ఆ నియమానికి ఒదగదు గానీ, నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. ఇక ‘మృత్యుశకటమై దూసుకొచ్చిన లారీ’, ‘విధి వక్రించి’ వంటి అలంకారాలు సానుభూతితో రాసినవే అయినా, అవి యముడినో విధినో నిందించి విచారణను అక్కడితో ముగిస్తాయి.

ఈ వంకరంతా విలేకరి మనసులో పుట్టిందని అనలేం. రాత్రి గడువు ముంచుకొస్తుండగా అతడికి దొరికేది స్టేషను నుంచి వచ్చే నాలుగు ముక్కలు. వాటిలో బతికివున్న డ్రైవర్ మాట ఉంటుంది, మార్చురీలో ఉన్నవాడి మాట ఉండదు. ‘సైకిలు అకస్మాత్తుగా అడ్డురావడంతో’ అన్న పదబంధం అలా పుడుతుంది. అది డ్రైవర్ కథనమని చెప్పకుండా, జరిగిన సంగతిగా అచ్చువేయడం మాత్రం పత్రిక చేసే తప్పే.

‘హెల్మెట్ లేకపోవడంతో’ అన్న మాట సంగతీ అంతే. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది మోటారు సైకిళ్లకు. తొక్కే సైకిలు అసలు మోటారు వాహనమే కాదు. హెల్మెట్ పెట్టుకోవడం మంచిదే, కానీ లేని చట్టాన్ని ఉల్లంఘించినట్లు మృతుడి మీద రాయడం న్యాయం కాదు. నిర్లక్ష్యంతో మరణానికి కారకులైనవారికి అయిదేళ్ల వరకు జైలుశిక్ష విధించే భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను ప్రస్తావన మాత్రం ఈ వార్తల్లో అరుదు.

రాసే తీరుకు పాఠకుడు లొంగుతాడా అన్న ప్రశ్నకు అమెరికాలో పరిశోధకులు 2019లో జవాబు వెతికారు. కారు ఢీకొని పాదచారి మరణించిన ఒకే ఘటనను వేర్వేరు రీతుల్లో రాసి 999 మందికి చదవనిచ్చారు. పాదచారిని కేంద్రంగా చేసిన కథనం చదివినవారు తప్పును ఎక్కువగా పాదచారి మీదే మోపారు. అటువంటి మరణాలు అక్కడ ఇంకెన్నో జరిగాయని తెలిపిన కథనం చదివినవారు రోడ్డును బాగుచేయడం వైపు మొగ్గారు.

అయితే, నిందను పాదచారి నుంచి డ్రైవర్‌కు బదలాయిస్తే పని పూర్తయిందనుకోవడం కూడా పొరపాటే. 2022లో దేశంలోని రోడ్డు ప్రమాద మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ఆ లెక్క మూలం మళ్లీ పోలీసులు నింపిన ఫారాలే. కంటైనర్ లారీలూ షిఫ్టు కార్మికుల సైకిళ్లూ ఒకే దారిని పంచుకునే చోట సైకిలుకంటూ జాగా ఉందా, వీధి దీపం వెలిగిందా అని అడిగే గడి ఆ ఫారంలో ఉన్నా లేకపోయినా, వార్తలో ఉండాలి. బీచ్ రోడ్డులో ఖరీదైన సైకిలు తొక్కేవారికి ఏదైనా జరిగితే ఈ ప్రశ్నలు మరునాడే పుడతాయి. గాజువాక వైపు టిఫిన్ క్యారేజీ తగిలించుకుని పోయేవాడు ‘గుర్తుతెలియని వ్యక్తి’గా మూడు వాక్యాల్లో ముగిసిపోతాడు.

ఇకపై మా వార్తల్లో గుద్దిన వాహనం కర్తగా కనిపిస్తుంది, ఒకవైపు మాట ఎవరిదో వారి పేరిటే ఉంటుంది. అభియోగపత్రం దాఖలయ్యాక తొలి కథనం తప్పని తేలితే, ఆ సంగతిని తొలి వార్త వచ్చిన పేజీలోనే, అంతే పరిమాణంలో ప్రచురిస్తాం.