మాంద్యానికి ఊదా రంగు

బరంపురంలో ఒక కాలేజీ స్థూల అర్థశాస్త్ర (దేశం మొత్తం రాబడి, ఉపాధి, ధరల లెక్క చూసే శాస్త్రం) బోధనను ఆధునికీకరిస్తోందని కబురందగానే పట్టు కండువా వేసుకొని మరీ వెళ్లాను. ఆధునికత మన ఊరికి రోజూ వస్తుందా!

వచ్చింది స్మార్ట్ బోర్డు. కొబ్బరికాయ కొట్టి, దానికి బొట్టు పెట్టారు. ఎవరో వేలితో నొక్కారనుకుందేమో, బోర్డు పాఠాన్ని ఒకేసారి చివరి పేజీకి తిప్పేసింది. ఇద్దరు లెక్చరర్లు, ఒక కంప్యూటర్ నిపుణుడు కుస్తీ పట్టినా వెనక్కి రాలేదు. చివరికి అటెండరు తడిగుడ్డతో కుంకుమ తుడిచాక అర్థశాస్త్రం మళ్లీ మొదలైంది.

తెర మీద అల. అదే అల! నా చదువు రోజుల్లో సుద్దముక్కతో గీసిన వ్యాపార చక్రమే, అంటే ఆర్థిక వ్యవస్థ ఎగుడుదిగుళ్ల బొమ్మ: శిఖరం, తిరోగమనం, మాంద్యం, పునరుజ్జీవనం. అప్పుడు తెలుపు, ఇప్పుడు ఊదా. పైగా దాని మీద టోపీ పెట్టుకున్న బొమ్మ ఒకటి జర్రున జారి, మాంద్యంలో రెండు క్షణాలు చతికిలబడి, నవ్వుతూ పైకెక్కుతుంది. ఉదాహరణ 1929లో మొదలైన మహా మాంద్యం. ఆ తర్వాత లోకమంతా క్షేమమే కాబోలు. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం ఊసే లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త వ్యాపార సంక్షోభాలకు సూర్యుడి మచ్చలు కారణమన్నాడు. మచ్చలను బట్టి ఇండియాలో పంటలు, పంటలను బట్టి ఇంగ్లండు సరుకుకు గిరాకీ అని లెక్కకట్టాడు. లెక్క తప్పే. అయినా అందులో మన రైతు ఒకడున్నాడు. ఈ ఊదా అలలో పురుగైనా లేదు.

మూడో బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, ఆ బొమ్మ కింద ఎన్నాళ్లు ఉంటుంది?"

"పరీక్షకు రాదు. కూర్చో."

నాకు ఒళ్లు మండింది. కరోనా లాక్‌డౌన్ దెబ్బకు 2020 ఏప్రిల్-జూన్‌లో దేశ జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి విలువ) ఏడాది కిందటితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని మొదటి అంచనా. సూరత్ మరమగ్గాలు ఆగి, ఆ మేలోనే మన గంజాం జిల్లా కూలీలు వలస కార్మికుల కోసం వేసిన శ్రామిక్ రైళ్లలో వచ్చి పడ్డారు. మాంద్యం ఈ పిల్లల ఇళ్లలో చాప పరుచుకొని పడుకుంది! మగ్గం మళ్లీ ఆడేదాకా అప్పెంత, వడ్డీ ఎంత, కూలి రాకపోతే వీధి చివరి కిరాణా కొట్టు ఎందుకు మూతపడింది, అప్పుడు ప్రభుత్వం చెయ్యాల్సిన ఖర్చేమిటి, ఇంతకు మించి పాఠం ఏముందయ్యా? పని చేస్తానన్నవాడికి పని ఎందుకు దొరకదన్న ప్రశ్నతోనే కదా ఇంగ్లీషు ఆర్థికవేత్త కీన్స్ 1936లో అంత పుస్తకం రాశాడు! అది పరీక్షకు రాకపోతే ఆ పరీక్షను తగలెయ్యండి.

కొబ్బరి ముక్కలు పంచారు. వచ్చే ఏడాది బొమ్మకు మాటలు కూడా నేర్పిస్తారట.