నాలుగు తుపాకులు, ఒక గేటు

మూడు వారాలుగా నిజాంపేటలోని మా డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ యుద్ధ సన్నాహాల్లో ఉంది. శత్రువు ఎవరో ఇంకా తేలలేదు. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆయుధాలు తేలాలి.

ఎలీట్ డేంజరస్ అనే వీడియో గేమ్ 2014లో వచ్చింది. మన పాలపుంతను దాని అసలు సైజులోనే కట్టి, సుమారు 40 వేల కోట్ల నక్షత్ర మండలాలు పెట్టి, చేతికొక ఓడ ఇచ్చి వదిలేస్తారు. ప్రస్తుతం నాది కోబ్రా మార్క్ 3. తుపాకులు బిగించే చోట్లు నాలుగు: రెండు మీడియం, రెండు స్మాల్. నాలుగే కదా అని నవ్వేవాళ్లను ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో పెళ్లికి నాలుగు పట్టుచీరలు ఎన్ని రోజుల్లో తెమిలాయి?

లేజరు శత్రువు షీల్డును, అంటే ఓడ చుట్టూ ఉండే రక్షణ పొరను, బాగా కరిగిస్తుంది. షీల్డు పోయాక ఓడ ఒంటి మీద దాని పస తగ్గుతుంది, అక్కడ గుండ్లు కురిపించే మల్టీకానన్ కావాలి. కాబట్టి రెండు లేజర్లు, రెండు మల్టీకానన్లు. ఇది ఐదు నిమిషాల్లో తేలిపోయింది. కానీ దేశ రక్షణ వ్యవహారాలు ఐదు నిమిషాల్లో తేలాయంటే ఎవరైనా అనుమానిస్తారు. అందుకని బిగింపుల విషయం ఎత్తుకున్నాను.

ఫిక్స్‌డ్ రకం తుపాకీ ఓడ ముక్కు ఎటుంటే అటే పేలుతుంది. దెబ్బ గట్టిది, తగలడమే కష్టం. గింబల్ రకం తనంతట తాను గురి చూసుకుంటుంది. అయితే శత్రువు చాఫ్ అనే రేకు ముక్కలు వెదజల్లితే దానికి దిక్కు తోచదు. అమీర్‌పేటలో బస్సు దిగి, చేతిలో పడ్డ కోచింగ్ కరపత్రాలన్నీ చదువుతూ నిలబడ్డ కుర్రాడిలా అటూ ఇటూ ఊగుతుంది. టర్రెట్ చుట్టూ తిరుగుతూ నాలుగు దిక్కులా కాలుస్తుంది, దెబ్బ మాత్రం మూడింటిలోకీ చిన్నది. పెళ్లిలో ప్రతి బంధువునూ పేరుపేరునా పలకరించి నూటపదహార్లు చదివించే పెద్దమనిషి లాంటిది.

వారం దీనికే సరిపోయింది. రెండో వారంలో కరెంటు సమస్య వచ్చింది. ఓడలో తుపాకులు మామూలుగా లోపలే మడిచి ఉంటాయి. బయటికి తీస్తే పవర్ ప్లాంట్ మీద లోడ్ పెరుగుతుంది, మించితే ఏవో కొన్ని ఆరిపోతాయి. నేను గొప్పకి పోయి కరెంటు ఎక్కువ తాగే బీమ్ లేజర్లు పెట్టాను. తుపాకులు తెరవగానే ఇంజిన్లు ఆగిపోయాయి. వేసవిలో ఏసీ, గీజరు, మిక్సీ ఒకేసారి వేసి ఎంసీబీ పడగొట్టిన కొంపలో పుట్టినవాణ్ని, నాకీ పాఠం అంతరిక్షంలో నేర్చుకోవాల్సిన ఖర్మ ఏమిటి? (వేసవిలో గీజరు ఎందుకని అడగకండి. అది మా నాన్నగారి హయాం.)

మా బామ్మర్ది ఇదంతా చాయ్ తాగుతూ చూశాడు. "బావా, నాలుగు తుపాకులకు గింత లొల్లా? ముందుగాల బయటికైతే పో, తర్వాత సూస్కోవచ్చు" అన్నాడు. ఇలాంటివాళ్ల వల్లే రాజ్యాలు పోతాయి.

అతనికి మన ఊరి చరిత్ర చెప్పాల్సి వచ్చింది. నిజాం కొలువులో చేరిన ఫ్రెంచి దొర రేమండ్ 1795లో ఫిరంగులు పోయడానికి కార్ఖానా పెట్టించాడు కాబట్టే మనకు ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అనే పేరు మిగిలింది. మొన్న 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర 30 కిలోవాట్ల లేజరుతో డ్రోన్‌ను కూల్చిన ఆయుధం మన హైదరాబాద్ ప్రయోగశాలదే. ఫిరంగి నుంచి లేజరు దాకా ఎరిగిన ఊళ్లో ఉంటూ నేను దొరికిన తుపాకీ బిగించుకుని బయల్దేరితే నలుగురూ ఏమనుకుంటారు?

"మరి గోల్కొండల గన్ని ఫిరంగులుండె గదా బావా, ఏమైంది?" అన్నాడు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయట పడిగాపులు కాసింది. చివరికి లోపలివాడే ఒకడు రాత్రిపూట గేటు తీశాడు. ఇది చర్చకు సంబంధం లేని విషయమని చెప్పి చాయ్ కప్పులు సింకులో పెట్టేశాను.

మూడో వారం చివర్లో కరెంటు తక్కువ తాగే పల్స్ లేజర్లు, గింబల్ మల్టీకానన్లతో కోబ్రా స్టేషన్ దాటింది. కాసేపు వెళ్లాక ఒక సందేహం పట్టుకుంది. రెండు మల్టీకానన్లలో ఒకటి తీసి, దగ్గరికెళ్లి పేల్చే ఫ్రాగ్మెంట్ కానన్ పెడితే? సందేహం ఉంచుకుని యుద్ధానికి వెళ్లకూడదు. వెనక్కి తిప్పాను.

ఆ ఆటలో స్టేషన్ లోపలికి రావాలంటే ముందు డాకింగ్ పర్మిషన్ అడగాలి. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పిజ్జా తెచ్చే కుర్రాడు కూడా ఫ్లాట్ నంబరు చెప్పి, ఫోన్ వచ్చేదాకా నిలబడతాడు. నేను ఫ్రాగ్మెంట్ కానన్ ధర లెక్క వేసుకుంటూ నేరుగా లోపలికి దూరాను. అక్రమ ప్రవేశమని హెచ్చరిక వచ్చింది. ఆ వెంటనే స్టేషన్ తన తుపాకులన్నీ తెరిచింది. వాటిని ఎవరు ఎంచారో గానీ ఒక్కటీ గురి తప్పలేదు.

కొత్త ఓడకు ఇన్సూరెన్స్ కింద ధరలో 5 శాతం కట్టాను. తుపాకులు అవే తిరిగి వచ్చాయి, ఒక్క గుండూ ఖర్చు కాకుండా.

"బావా, గేటు కాడ అడిగి పోవాలె గదా" అన్నాడు బామ్మర్ది.

అతనికి ఆయుధాల గురించి ఏమీ తెలియదు. ఈసారి టర్రెట్లు పెడుతున్నాను.