గాడిద గోడెక్కింది, గని కార్మికుడు ఎక్కలేదు

చిన్న పట్టణాల గోడలకు మంచి రోజులు వచ్చాయి. కర్మాగారం మూతపడి, రైలు ఆగడం మానేసి, చదువుకున్న పిల్లలు నగరాలకు వెళ్లిపోయాక ఊరి పెద్దలకు తోచే ఉపాయం ఇప్పుడు చాలా దేశాల్లో ఒకటే. ప్రధాన వీధిలోని ఖాళీ గోడలను లెక్కపెట్టి, వాటిమీద ఊరి చరిత్రను నిలువెత్తు బొమ్మలుగా వేయించడం. చూడబోతే ఎవరికీ నష్టం లేని పని. అందుకే దాన్ని ఎవరూ గట్టిగా ప్రశ్నించరు. ఆ గోడలు అబద్ధాలు చెబుతాయని నేను అనను. నిజంలో తమకు నప్పిన సగమే చెబుతాయి, ఆ సగానికి ‘మా ఊరి చరిత్ర’ అని పేరు పెట్టుకుంటాయి. నా పేచీ అక్కడే.

ఈ ఒరవడి ఎలా మొదలైందో చాలామందికి తెలిసిందే. కెనడా పశ్చిమ తీరంలో, వాంకూవర్ దీవిమీద ఉన్న షిమేనస్ రంపపు మిల్లును నమ్ముకుని బతికిన ఊరు. మిల్లు చేజారుతున్న రోజుల్లో, 1982లో, గోడలకు బొమ్మలు వేయించడం మొదలుపెట్టింది. 1983లో మిల్లు మూతపడింది కానీ ఊరు మూతపడలేదు. దాన్ని చూసి ఆస్ట్రేలియాలో టాస్మానియా దీవిలోని షెఫీల్డ్ 1986లో తన తొలి గోడబొమ్మ వేయించుకుంది. 2016 నాటికి విక్టోరియా రాష్ట్రంలో బ్రిమ్ అనే చిన్న ఊళ్లో, సుమారు 30 మీటర్ల ఎత్తున్న, ధాన్యం నిల్వచేసే సైలో గోపురాలమీదే రైతుల బొమ్మలు లేచాయి. ఆ బాటలో మరెన్నో ఊళ్లు నడిచాయి. బొమ్మలు మాత్రం తరచూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తొలి దుంగను లాగే ఎద్దులు, ఆవిరి ఇంజను, కమ్మరి కొలిమి, టోపీ పెట్టుకున్న స్థాపకుడు, చిరునవ్వు చిందించే దుకాణదారు. ఈ ఊళ్లలో ఎవరూ అప్పులపాలు కాలేదు, ఎవరూ సమ్మె చేయలేదు, ఎవరి భూమినీ ఎవరూ లాక్కోలేదు!

ఈ ఏరివేత ఎలా జరుగుతుందో చూడాలంటే అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని కెల్లాగ్ అనే గనుల పట్టణానికి వెళ్లాలి.

మహామాంద్యం రోజుల్లో అమెరికా ఖజానా శాఖ ఒక మంచి పని చేసింది. 1934లో ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటుచేసి, కొత్తగా కట్టిన పోస్టాఫీసుల గోడలకు చిత్రకారులతో బొమ్మలు వేయించింది. 1943 దాకా సాగిన ఆ పథకంలో వెయ్యికి పైగా ఊళ్లకు బొమ్మలు దక్కాయి. స్థానిక జీవితాన్ని గీయాలి, ఊరివాళ్లు తమను తాము అందులో చూసుకోవాలి అన్నది దాని ఉద్దేశం. 1939లో రాష్ట్రానికొక పోస్టాఫీసు చొప్పున అప్పటి 48 రాష్ట్రాలకూ కలిపి పోటీ పెట్టారు. ఇడాహో తరఫున కెల్లాగ్‌ను ఎంచుకున్నారు. ఫ్లెచర్ మార్టిన్ అనే చిత్రకారుడు పంపిన నమూనా గెలిచింది. అందులో గనిలో దెబ్బతిన్న తోటివాణ్ని కార్మికులు మోసుకొస్తున్నారు. ఆడంబరం లేదు, నినాదం లేదు. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసిన దృశ్యం అది.

గనులవైపు పెద్దలకు ఆ బొమ్మ నచ్చలేదు. గని కార్మికుల సంఘం మాత్రం ఇదే కావాలంది. అభ్యంతరం ఎవరిదో, ఆమోదం ఎవరిదో గమనించండి. ప్రమాదం ఎవరి ఒంటిమీదికి వస్తుందో వారికి ఆ బొమ్మతో ఇబ్బంది లేదు. లాభం ఎవరి ఖాతాలోకి వెళుతుందో వారికే అది కంటగింపు అయింది. చివరికి ఎవరి మాట చెల్లిందో చెప్పనక్కరలేదు. 1941లో పోస్టాఫీసు గోడమీదికి వచ్చింది నోవా కెల్లాగ్ కథ. 1885లో ఈ ఖనిజాన్వేషకుడు తప్పిపోయిన గాడిదను వెతుక్కుంటూ వెళ్లి వెండి, సీసం ఉన్న రాతిని కనుగొన్నాడని ఐతిహ్యం. గాడిద గోడెక్కింది. దెబ్బతిన్న కార్మికుడు నమూనా కాగితంమీదే మిగిలిపోయాడు.

గాడిద కథమీద నాకేమీ కోపం లేదు, సరదాగానే ఉంటుంది. కానీ ఆ ఊరికి అప్పటికే ఇంకో చరిత్ర ఉంది. 1899లో కెల్లాగ్ పక్కనే ఉన్న బంకర్ హిల్ కంపెనీ ఖనిజశుద్ధి కేంద్రాన్ని సంఘ కార్మికులు టన్నుకు పైగా డైనమైట్‌తో పేల్చేశారు. ప్రభుత్వం సైనిక శాసనం విధించి, వందలాది కార్మికులను విచారణ లేకుండా నెలల తరబడి కంచెల మధ్య నిర్బంధించింది. ఊరికి అంతకంటే పెద్ద సంఘటన ఏముంటుంది? బొమ్మ గోడెక్కిన తర్వాత వచ్చిన చరిత్ర ఇంకా బరువైనది. 1972 మే 2న పట్టణానికి దగ్గరలోని సన్‌షైన్ వెండి గనిలో మంటలు రేగి, విషవాయువుకు 91 మంది కార్మికులు చనిపోయారు. 1973లో బంకర్ హిల్ సీసపు కర్మాగారంలో పొగను వడకట్టే విభాగం కాలిపోయినా కర్మాగారం నడుస్తూనే ఉంది. మరుసటి ఏడాది పరీక్షిస్తే చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో బయటపడింది. 1981లో కర్మాగారం మూతపడింది. 1983లో ఆ ప్రాంతం విషవ్యర్థాలను శుభ్రం చేయాల్సిన చోట్ల సమాఖ్య జాబితాలోకి చేరింది. మార్టిన్ తొలి నమూనాను గోడమీదికి రానిచ్చినంత మాత్రాన ఇవేవీ ఆగేవి కావు. కానీ గనిలో మనుషులు చనిపోతారన్న మాటను బహిరంగ స్థలంలో అనుకోవచ్చు అన్న అనుమతి ఆ ఊరికి ముప్పై ఏళ్లు ముందే దొరికేది.

గోడ ఎవరిదో చరిత్ర వారిది. ఈ సూత్రానికి లాస్ ఏంజెలెస్‌లోని ఓల్వెరా వీధి మరో రుజువు. మెక్సికన్ సంస్కృతిని పర్యాటకులకు ముచ్చటగా చూపించే వీధి అది. 1932లో మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికైరోస్‌ను అక్కడ ఒక మేడ గోడమీద ఉష్ణమండలపు అమెరికాను గీయమన్నారు. పచ్చని అడవి, రంగురంగుల పిట్టలు వస్తాయని వాళ్లు ఆశించారు. ఆయన శిలువ వేసిన ఆదివాసిని, ఆ శిలువపై వాలిన డేగను గీశాడు. వీధిలోంచి కనిపించే భాగాన్ని నెలల్లోనే సున్నంతో కప్పేశారు, ఆ దశాబ్దం ముగిసేలోపు మొత్తం గోడ తెల్లబడింది. సున్నానికి అంత విశ్వాసం లేదనుకుంటాను, 1960ల చివరికల్లా అది పెచ్చులూడి లోపలి బొమ్మ తొంగిచూడసాగింది. సంరక్షణ పనులు పూర్తయి జనం మళ్లీ దాన్ని చూడగలిగేసరికి 2012 వచ్చింది. ఎనభై ఏళ్లు!

అదే నగరంలో ఇంకో దారీ ఉంది. శాన్ ఫెర్నాండో లోయలో వరదనీటి కాలువ పొడవునా జూడిత్ బాకా నాయకత్వంలో 1976లో మొదలై, ఐదు వేసవుల్లో సాగిన గోడ అది. పొడవు 2,754 అడుగులు, అంటే 840 మీటర్లు. వేసినవాళ్లు 400 మందికి పైగా కుర్రకారు, వారిలో చాలామంది బాలనేరస్తుల వ్యవస్థ నుంచి వచ్చినవాళ్లు. జపాన్ మూలాల పౌరుల నిర్బంధం, ఇళ్లు ఖాళీ చేయించిన చావెజ్ రవీన్ వాడ, దుమ్ము తుఫానుల వల్ల వలసవచ్చిన రైతులు అందులో ఉన్నారు. గీసే ముందు చరిత్రకారులను పిలిచారు, అనుభవించినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించారు. నాకు ఆ గోడలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ కూర్చోబెట్టడమే. ఏది గీయాలన్న వాదులాట నిజంగా జరిగిన చోట బొమ్మ కాస్త అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు. బయటి నుంచి పేరున్న చిత్రకారుడు వచ్చి, పాత ఫోటో ఒకటి చూసి, రెండు వారాల్లో అద్భుతంగా వేసి వెళ్లిపోయిన చోట ఊరికి ఒక అలంకారం మాత్రం మిగులుతుంది.

దీనికి జవాబుగా వచ్చే మాట నాకు తెలుసు. ఊరు బతకాలి, పర్యాటకులు రావాలి, ఏడుపుగొట్టు గోడలు చూడడానికి ఎవరొస్తారు? పైగా ఆ గోడ పక్కనుంచి రోజూ నడిచేది ఊరివాళ్లే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పాఠశాలలో విక్టర్ ఆర్నాటోఫ్ 1936లో వేసిన జార్జ్ వాషింగ్టన్ జీవిత చిత్రాల్లో బానిసలు ఉన్నారు, నేలపై పడి ఉన్న ఆదివాసి శవం ఉంది. చిత్రకారుడు విమర్శగానే గీశాడు, అయినా దాని ముందు నుంచి తరగతికి వెళ్లే పిల్లలకు అది నొప్పేనంటూ పాఠశాల బోర్డు 2019లో వాటిని మూసేయాలని తీర్మానించింది, కోర్టు గొడవల తర్వాత 2022లో వెనక్కి తగ్గింది. ఆ పిల్లల నొప్పి నిజం, కాదనను. కానీ ఆ చిత్రాన్ని వేసేటప్పుడు ఆ పిల్లల తాతముత్తాతలను ఎవరూ పిలిచి అడగలేదన్నదీ అంతే నిజం. కెల్లాగ్‌లో అడిగారు, కార్మికులు కావాలన్నారు, అయినా ఇవ్వలేదు. ఇక పర్యాటకుల మాటంటారా, యుద్ధ స్మారకాల దగ్గర, పాత జైళ్ల దగ్గర క్యూలు కట్టేది వాళ్లే కదా.

షిమేనస్‌కు న్యాయంగా ఒక మాట చెప్పాలి. అక్కడ 1990ల ఆరంభంలో, ఊళ్లో ఒకప్పుడు బతికిన జపాన్ మూలాల కుటుంబాల బొమ్మలు కూడా గోడలకెక్కాయి. 1942లో కెనడా ప్రభుత్వం పసిఫిక్ తీరం నుంచి వెళ్లగొట్టిన సుమారు 22,000 మందిలో వాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 1988లో. గోడ ఆ తర్వాతే ధైర్యం చేసింది. ఆలస్యంగానైనా చేసింది కాబట్టి మెచ్చుకుంటాను. అయినా ఒక ఊరు తన ఇరుగుపొరుగును గుర్తుచేసుకోవడానికి రాజధాని అనుమతి కోసం అంతకాలం ఆగడం నాకు మింగుడుపడదు.

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను. ఈ గోడల్లో సగం చరిత్ర కనిపించకపోవడానికి దురుద్దేశమే ప్రతిసారీ కారణం కాదు. కమిటీ దగ్గర ముడిసరుకు లేదు. బొమ్మకు ఫోటో కావాలి, ఫోటో ఎవరింట్లో మిగులుతుంది? కంపెనీ ఆల్బంలో, స్థాపకుడి మనవళ్ల పెట్టెలో, గుర్రపు పందెం గెలిచినవాళ్ల గోడమీద. రోజుకూలీ చరిత్ర జీతాల పట్టీలో, సమ్మె కరపత్రంలో, ఆసుపత్రి చిట్టాలో, నాలుగో పేజీలో నాలుగు వాక్యాల ప్రమాద వార్తలో ఉంటుంది. వీటిని కాపాడినవాళ్లు ఎక్కువమంది లేరు. వీటిలో చాలావాటికి చిరునామా ఒకటే, ఊరి పత్రిక. ఆ పత్రికలే పోతున్నాయి. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఏటా లెక్క చెబుతోంది. ఆస్ట్రేలియాలో ఒకే ఒక సంస్థ 2020లో వందకు పైగా స్థానిక పత్రికల ముద్రణ ఆపేసింది.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో పాత పత్రికలను ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఊళ్ల చరిత్రకారులకు అది అన్నపూర్ణ లాంటిది. కాపీరైటు కారణంగా అందులోని పత్రికలు చాలావరకు 1954తో ఆగిపోతాయి. చిన్న ఊళ్ల గోడల చరిత్ర కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే, గుర్రబ్బండి నుంచి లారీకి మారే దగ్గర, తరచూ ఆగిపోవడం కాకతాళీయమని నేను నమ్మను. వెతకడానికి సులువైన కాలమే గీయడానికీ సులువు. 1970ల కరవు, 1980ల ఉద్యోగాల కోత గీయాలంటే ముసలివాళ్ల ఇళ్ల తలుపులు తట్టాలి, అటకమీది పెట్టెలు దింపించాలి. 2023లో ఆ ట్రోవ్‌కే నిధులు ఆగిపోయే పరిస్థితి వచ్చి, గొడవ జరిగితే తప్ప ప్రభుత్వం కదలలేదు. రంగు డబ్బాలకు ఏ శాఖ నుంచైనా డబ్బు దొరుకుతుంది, ప్రారంభోత్సవానికి మంత్రిగారూ వస్తారు. చెదపట్టిన రిజిస్టరును స్కాన్ చేసే పనికి రిబ్బను కత్తిరించడం కుదరదు కదా.

అందుకే గోడబొమ్మలకు గ్రాంటులిచ్చే సంస్థలు, మున్సిపాలిటీలు ఒక షరతు పెట్టాలంటాను. ఇచ్చే సొమ్ములో మూడో వంతు రంగు ముట్టకముందే ఖర్చు కావాలి. అది ఊళ్లో బతికున్న పెద్దల మాటలను రికార్డు చేయడానికి, పాత పత్రికల కట్టలను, సంఘాల చిట్టాలను స్కాన్ చేసి గ్రంథాలయంలో పెట్టడానికి పోవాలి. నమూనా తయారయ్యాక దాన్ని ఊరంతా చూసేలా ఒక నెల బయట వేలాడదీయాలి. అభ్యంతరాలు ఎవరివో, ఆమోదాలు ఎవరివో పేర్లతో సహా నమోదు చేయాలి. కెల్లాగ్ గొడవ ఇన్నేళ్ల తర్వాత మనకు తెలిసిందంటే, ఎవరు ఏమన్నారో కాగితాలు మిగలబట్టే. ఈ షరతుకు ఒప్పుకోని కమిటీలకు గోడ శుభ్రం చేసి సున్నం వేయించుకోవడానికి ఎంత అవుతుందో అంతే ఇస్తే సరిపోతుంది.