మొహం కాదు, విస్తరి చూడు

2025 జూన్ ఆఖర్లో అమెరికా రాజకీయాల్లో అన్నం ముద్ద మీద రగడ జరిగింది. న్యూయార్క్ మేయర్ పదవికి పోటీపడుతున్న జోహ్రాన్ మమ్దానీ ఒక ఇంటర్వ్యూలో కబుర్లు చెబుతూ చేత్తో అన్నం తిన్నాడు. ఆ వీడియో చూసిన టెక్సాస్ కాంగ్రెస్ సభ్యుడు బ్రాండన్ గిల్, నాగరికులెవరూ అమెరికాలో ఇలా తినరనీ, పాశ్చాత్య పద్ధతులు పట్టుబడకపోతే మూడో ప్రపంచానికి తిరిగి పొమ్మనీ రాశాడు. గిల్ మామగారు దినేశ్ డిసౌజా పుట్టింది బొంబాయిలోనే కదా అని గుర్తుచేసి నవ్వినవాళ్ళు కొందరు. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం ఐదు వేళ్ళూ పంచభూతాలనీ, చేత్తో తింటేనే అన్నం ఒంటికి పడుతుందనీ సందేశాలు వరదకట్టాయి.

గిల్ ఫోర్కే నాగరికత అనుకున్నాడు, మనవాళ్ళు చెయ్యే సంస్కృతి అనుకున్నారు. తినే మర్యాదంతా పనిముట్టులోనే ఉందనుకోవడంలో ఇద్దరిదీ ఒకే పొరపాటు.

ఆ పనిముట్టు వాళ్ళకీ మరీ పాతదేం కాదు. 1530లో ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు పిల్లల నడవడి మీద లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాస్తే యూరప్‌లో చాలా దేశాల బళ్ళలో చదివించారు. జిడ్డు వేళ్ళు నాకొద్దు, కోటుకి పులుముకోవద్దు, బల్ల మీది గుడ్డకి తుడుచుకో అంటాడు అందులో. అంటే చెయ్యి కంచంలోకి వెళ్తోందనేగా. 1608లో ఇటలీ తిరిగొచ్చిన థామస్ కోర్యాట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు అక్కడి ఫోర్కు అలవాటు ఇంటికి తెచ్చుకుని స్నేహితుల చేత ఎగతాళి చేయించుకున్నాడు. మూడేళ్ళ తర్వాత అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఆ ముచ్చట తనే చెప్పుకున్నాడు. ఈ కథ ఇక్కడితో చాలు.

మన బంతి సంగతికి వద్దాం. చేత్తో తినడమంటే ఎలాబడితే అలా తినడం అనుకునేవాళ్ళు పాతకాలపు పెళ్ళిబంతిలో ఒక్కసారి కూర్చోవాల్సింది. అరిటాకు కొస ఎడమచేతి వైపుండాలి. నీళ్ళు చిలకరించి ఆకు తుడుచుకోవాలి. అన్నం పడ్డా నెయ్యి పడేదాకా చెయ్యి పెట్టకూడదు, నెయ్యి పడ్డా బంతి చివరిదాకా వడ్డన అందిందో లేదో చూసుకోవాలి. కలపడం వేళ్ళతోనే. అరచేతికి అంటితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు, "ఏవిట్రా ఆ పిసకడం, గోడకి మట్టి మెత్తుతున్నావా" అనేది. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి గ్లాసు ఎడమచేత్తో ఎత్తాలి, పెదాలకి తగలకుండా నీళ్ళు ఎత్తిపోసుకోవాలి. విస్తరి ఎటు మడవాలన్నది ఊరూరికీ మారుతుంది గానీ మా వైపు శుభకార్యమైతే తనవైపుకి, అశుభమైతే అవతలికి.

వీటన్నిట్లోకీ నాకు గొప్పగా తోచేది లేవడం గురించిన నియమం. ఎవరి ముద్ద అయిపోగానే వాళ్ళు లేచి పోకూడదు. పక్కనున్న ముసలాయన ఇంకా చారన్నంలో ఉంటే, చకచకా తినేవాడు పెరుగన్నం దగ్గర నెమ్మదించాలి. నత్తనడక తిండి తినేవాడు, తనకోసం నలభై మంది చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నారని తెలుసుకుని కాస్త తొందరపడాలి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఓరకంట చూసుకుంటూ బంతి బంతంతా ఒక వేగానికి వచ్చేస్తుంది. ఫోర్కూ చాకూ పక్కపక్కన పెడితే భోజనం అయినట్టు, విడివిడిగా పెడితే ఇంకా ఉన్నట్టు అని ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్లకి ముందు నేర్పుతున్నారు. నేర్పనీ, తప్పేం లేదు, రేపు విదేశీ క్లయింటు ముందు పిల్లాడు బెరుకుగా కూర్చోకుండా ఉంటాడు. అయితే ఆ గుర్తులు వెయిటర్‌కి. పక్కవాడి వేగం కనిపెట్టడం ఆ క్లాసులో రాదు.

మరి మాకెక్కడ వచ్చింది? ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెబితే రాలేదు. తింటూ కొంత నేర్చుకున్నాం, అసలు చదువు మాత్రం వడ్డనలో సాగింది. మా కోనసీమ పెళ్ళిళ్ళలో దానికో వరస ఉండేది. ఎనిమిదేళ్ళ వాడి చేతికి మంచినీళ్ళ చెంబు ఇచ్చేవారు. అది ఒలకబోయకుండా తిప్పితే వచ్చే ఏడు ఉప్పు, ఆ తర్వాత అప్పడాలు, పచ్చళ్ళు. మీసాలొచ్చాక పప్పు, సాంబారు బకెట్టు. నేతిగిన్నె మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే. అన్నీ సరిపోవాలంటే ముందు నెయ్యి సరిపోవాలని వాళ్ళకే తెలుసు.

నేను అప్పడాల తట్ట పట్టుకున్న మొదటి ఏడు, నా క్లాసువాడికి రెండు వేసి, పక్కనున్న తెలియని ఆయనకి ఒకటే వేశాను. మా మామయ్య తట్ట లాక్కోలేదు, తిట్టలేదు. పక్కకి పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, వడ్డించేటప్పుడు మొహం చూడకు, విస్తరి చూడు" అన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఒకటే అని సామెత పుట్టిందంటే ఈ జబ్బు మనకి ఎంత పాతదో చూడండి.

విస్తరి చూడటం మొదలెట్టాక చాలా కనిపించాయి. ఒకాయన అన్నంలో గుంట చేసుకుని ఊరికే వేళ్ళాడిస్తున్నాడంటే చారు కోసం ఎదురుచూస్తున్నాడని. ఒకావిడ కూర మొత్తం ఒక పక్కకి నెట్టిందంటే ఉప్పు ఎక్కువైందని, వంటవాడికి ఇప్పుడే చెప్పాలని. "చాలు" అనే మాట ఒకటే అయినా అర్థాలు మూడు. చెయ్యి అడ్డంపెట్టి అంటే నిజంగా చాలు. చెయ్యి ఊపి అంటే కొంచెం చాలు. చెయ్యి కదపకుండా అంటే మొహమాటం, ఇంకో గరిటె వెయ్యమని. మూడోదాన్ని మొదటిదానితో కలిపేసి, వద్దు మొర్రో అంటున్నా కుమ్మరించడం మనవాళ్ళ అసలు అమర్యాద. దానికి ఆప్యాయత అని పేరు పెట్టుకున్నాం. విస్తట్లో మిగిలి పోయిన లడ్డూలకి ఆ ఆప్యాయత తెలియదు.

రెండు బంతులు వడ్డించినవాడు మూడో బంతిలో కూర్చుంటే చిటికె వేసి "ఏయ్ బాబూ, సాంబార్" అని అరవడు. నడుం ఎక్కడ నొప్పెడుతుందో వాడికి తెలుసు.

ఇంతవరకు చదివి పాతరోజుల మీద మురిపెం పెంచుకోకండి. అదే పెళ్ళిలో ఆడవాళ్ళ బంతి చిట్టచివరిది, అప్పటికి కూర అడుగంటేది. ఎంగిలాకులు ఎత్తేవాళ్ళకి కాలవగట్టున పెట్టేవారు. మొహం చూడకన్న మా మామయ్య నన్ను అటు ఒక్కసారి కూడా పంపలేదు. పోతానని నేనూ అడగలేదు. పంక్తిబాహ్యుడు అన్న మాటకి అర్థం చూడండి, బంతిలో కూర్చోనివ్వకపోతే మనిషిని మనుషుల్లోంచి తీసేసినట్టే. టీకొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి కూడా మర్యాద పేరుతోనే నడిచింది. డాలస్‌లో పెరుగుతున్న మనవడికి ఎంగిలంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పలేక మా అక్క చివరికి "జెర్మ్స్" అని సర్దిచెప్పింది. వాడు నమ్మాడు గానీ, క్రిముల భయమే అయితే తల్లి కంచంలో మిగిలింది పిల్లాడు తింటే ఎవరూ ఎందుకు పట్టించుకోరు? ఎంగిలి ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే లెక్క. అందులో శుభ్రత కొంతే.

ఆ లెక్క తప్పని చెప్పదలచుకున్నవాళ్ళు ఉపన్యాసాలతో ఆగలేదు, అన్నం దగ్గరికే వచ్చారు. 12వ శతాబ్దపు పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాపమీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కథ మనకి ఇప్పటికీ గుర్తుంది. 1917లో కేరళలోని చెరాయిలో అయ్యప్పన్ అనే యువకుడు పులయులనే దళిత కులంవాళ్ళతో కలిసి ఒక మిశ్రభోజనం పెట్టాడు. సొంత కులంవాళ్ళే వెలివేసి, పులయన్ అయ్యప్పన్ అని ఎద్దేవా చేశారు. తర్వాత లోకం సహోదరన్ అయ్యప్పన్ అంది. కలిసి మీటింగు పెడితే ఇంత గొడవ అయ్యుండేది కాదు.

ఇవాళ బంతి మర్యాద నేర్పే అతిపెద్ద చోటు, నా లెక్కలో, సర్కారు బడి వరండా. బడిపిల్లలకి మధ్యాహ్నం వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది, మన దగ్గర 2003లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు. గోదావరి లంకల్లో వేళకాని వేళ తలుపుతట్టినవాళ్ళకి కూడా వండిపెట్టిన మనిషి ఆమె. ఆ బడి వరండాల్లో పిల్లలు కులం అడక్కుండా పక్కపక్కన కూర్చుని పళ్ళెం ముందు పెట్టుకుంటారు. దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని పేచీ పెట్టే తల్లిదండ్రుల వార్తలు దేశంలో ఎక్కడో ఒకచోట వస్తూనే ఉన్నాయి. పిల్లలు నేర్చుకున్నది పెద్దలు చెరపడానికి చూడటం అంటే ఇదే.

ఇంకో బడి హైదరాబాద్ పాతబస్తీ వైపు బార్కస్‌లో ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల బ్యారక్సే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. మాంసంతో వండే వాళ్ళ అన్నం, మండీ, ఇప్పుడు హైదరాబాద్ దాటి జిల్లా కేంద్రాలకీ పాకింది. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ నలుగురూ నేలమీద కూర్చుంటారు. ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి, అవతలివాడి వైపున్న మాంసం ముక్కకి చెయ్యి చాపకూడదు. ఈ పద్ధతి ముస్లిం ఇళ్ళలో పసిపిల్లలకే నేర్పుతారు. గ్లాసు పెదాలకి తగిలితే కసిరిన ఇళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు శనివారం రాత్రి ఆ పళ్ళెంలో నాలుగు కులాల, రెండు మతాల చేతులతో కలిసి తింటున్నారు. మొదటిసారి ఒకడు తొందరపడి అటుపక్క లెగ్ పీస్ లాగితే మిగతా ముగ్గురూ గొల్లుమంటారు, రెండోసారి లాగడు. సంఘసంస్కరణ చేస్తున్నామని వాళ్ళకి తెలియదు, బిర్యానీ బోరుకొట్టిందంతే.

ఇంట్లో అయితే నేర్పేవాళ్ళకే తీరిక లేదు. కంచం పక్కన ఫోన్ పెట్టుకున్న తండ్రి, టీవీ కట్టెయ్యమని పిల్లాడికి చెబితే వాడు వినడు, వినకూడదు కూడా. బఫేని మాత్రం నేను తిట్టను. ఎవరికి ఎంత కావాలో వాళ్ళే వేసుకుంటే బలవంతపు లడ్డూ బెడద తప్పింది, ఆడవాళ్ళ చివరి బంతి తప్పింది. పోయినవి నీళ్ళ చెంబు, అప్పడాల తట్ట. పెళ్ళికొచ్చిన ఎనిమిదేళ్ళవాడికి అక్కడ చెయ్యడానికి పనేం లేదు, తినడం తప్ప.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతి భోజనమే, వడ్డించేవాళ్ళు మాత్రం కేటరింగ్ కుర్రాళ్ళు. ఎర్ర చొక్కాలు, తలకి ప్లాస్టిక్ టోపీలు, ఎక్కువమంది డిగ్రీ చదువుతున్నవాళ్ళు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నీళ్ళ సీసా కోసం చిటికె వేశాడు. కుర్రాడు వచ్చి, సీసా పెట్టి, ఆయన విస్తరివైపు ఒకసారి చూసి, అడక్కుండానే కాస్త పెరుగు వేసి వెళ్ళాడు. మూడున్నరకి చెయ్యి కడుక్కోవడానికి వంటల వెనక్కి వెళ్తే, ఆ పిల్లలు సిలిండర్ల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎవరూ ఇంకా ముద్ద ఎత్తలేదు. ఆఖరివాడికి ఇంకా సాంబారు పడలేదు.